దండెం తీగ కబుర్లు

“ఏంటొదినా, పొద్దున్నే సాంబ్రాణి వేశావు? ఇవాళ శుక్రవారం కూడా కాదుగా!”

గోడవతల సుభద్ర వదిన. చేతిలో గుమ్మడి వడియాల పళ్ళెం. మా రెండిళ్ళ మధ్య గోడ సరిగ్గా నడుమెత్తు ఉంటుంది. ఆవిడ వడియాలకీ నా మోచేతులకీ కొలిచి కట్టినట్టు సరిపోతుంది.

“సాంబ్రాణి కాదమ్మా, లెడ్డు కరిగిస్తున్నా. పేస్టు కాలితే ఆ వాసనే వస్తుంది. ఇదీ చెట్టు బంకేగా, సాంబ్రాణికి దూరపు చుట్టం.”

“ఈ వయసులో నీకు టంకాల పనేంటే తల్లీ?”

ఈ వయసులో కొత్తగా మొదలెట్టింది కాదు కదా. ముప్పై ఏళ్ళకి పైగా ఈసీఐఎల్‌లో వైరింగు సెక్షన్లో కూచుని టంకాలు పెట్టిన చెయ్యి. మా కాలనీలో ఏ గేటు తట్టినా ఆ కంపెనీ రిటైరీ ఒకరు దగ్గుకుంటూ బయటికొస్తారు. కాలనీ పేరే 1967లో ఆ కంపెనీకి పునాది వేసిన ఎ.ఎస్.రావుగారిది. ఉద్యోగం అయిపోయాక చేతులు ఊరుకోలేదు. హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. టెలికాం శాఖ వాళ్ళు పెట్టే పరీక్ష అది, 1978 నాటి నిబంధనల కింద. కింది గ్రేడుకి మోర్స్ కూడా అక్కర్లేదు. పన్నెండేళ్ళు నిండితే చాలు, ఎవరైనా రాయొచ్చు. వదినకి మొదట్లో ఇవేవీ తెలియవు. మా డాబా మీద వెదురుబొంగుకి తీగ కట్టినప్పుడు “కేబుల్ టీవీ దొంగతనమా?” అని అడిగింది. దొంగతనమే అయితే అంత బాహాటంగా కడతానా!

ఇప్పుడు సంగతేంటంటే, నా దగ్గరున్నది చేతులు మారి వచ్చిన పాత ఐకామ్ రేడియో, ఐసీ-718. గట్టి పిండం. నూరు వాట్లు ఇస్తుంది, ఏమిచ్చినా తింటుంది. కానీ కంప్యూటరుతో మాట్లాడాలంటే దానికి యూఎస్‌బీ లేదు. వెనకాల రిమోట్ అని ఒక చిన్న చిల్లు, ఇయర్‌ఫోన్ పెట్టుకునే లాంటిదే, మూడున్నర మిల్లీమీటర్లది. అంతే. ఆ చిల్లుకీ కంప్యూటరుకీ మధ్య పెట్టే తీగ తయారుచేయడమే నా పొద్దుటి సాంబ్రాణి.

“నోటితో మాట్లాడితే పోయేదానికి కంప్యూటరెందుకు మధ్యలో?” అంది వదిన వడియాలు సర్దుతూ.

అడగవలసిన మాటే. ఊళ్ళో గొంతుతో మాట్లాడ్డం రానురాను కష్టమైపోయింది వదినా. ఇంటింటికీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు, అన్నీ గాలిలోకి బుస కొడుతూనే ఉంటాయి. ఆ బుసలో మన గొంతు మునిగిపోతుంది. అందుకని జో టేలర్ అని ఒకాయన, ఇంకో రేడియో మిత్రుడు స్టీవ్ ఫ్రాంకీతో కలిసి 2017లో ఎఫ్‌టీ8 అని ఒక పద్ధతి కట్టాడు. ఎఫ్ అంటే ఫ్రాంకీ, టీ అంటే టేలర్, 8 అంటే ఎనిమిది స్వరాలు. ఈ టేలర్ మామూలు మనిషి కాదు. జంట పల్సార్‌ని కనిపెట్టినందుకు 1993లో భౌతికశాస్త్రం నోబెల్ అందుకున్నాడు, తన శిష్యుడు హల్స్‌తో పాటు. నక్షత్రాల సన్నటి టిక్కుటిక్కు వినడం అలవాటైన చెవి కదా, హామ్‌ల సన్నటి కూత వినడం కూడా ఆయనకే తెలిసింది. ఎనిమిది స్వరాలూ యాభై హెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోతాయి. చుట్టూ ఉన్న రొదలో వందో వంతు బలంతో వచ్చినా కంప్యూటరు పట్టేస్తుంది. కాకపోతే గడియారం సరిగ్గా ఉండాలి. పదిహేను సెకన్లు వీళ్ళు కూస్తే, పదిహేను సెకన్లు వాళ్ళు. సెకనూ రెండు సెకన్లూ తేడా వచ్చిందో, ఒకరిదొకరికి వినపడదు.

“మన మీటింగుల్లో కూడా ఇలా పెడితే బావుణ్ణు” అంది వదిన. కాలనీ మీటింగంటే ఆవిడకి మహా కోపం.

సరే, తీగ సంగతి. కొనుక్కోవచ్చు. రెడీమేడ్‌వి దొరుకుతాయి, నా పింఛనుకి నొప్పి తెలిసేంత ఖరీదులో. ఐకామ్ వాళ్ళే ఒకప్పుడు సీటీ-17 అని డబ్బా అమ్మేవాళ్ళు, నాలుగు రేడియోల దాకా తగిలించుకోవచ్చు దానికి. అదంతా కంప్యూటర్లకి తొమ్మిది కాళ్ళ సాకెట్టు ఉన్న కాలం. ఆ సాకెట్లో వోల్టేజీ పైకీ కిందకీ, ప్లస్సుకీ మైనస్సుకీ ఊగుతుంది. రేడియోకి అయిదు వోల్టుల్లోపలే కావాలి. మధ్యలో దుబాసీలాగ మ్యాక్స్232 అనే చిప్పు, దాని చుట్టూ నాలుగు కెపాసిటర్లు. అవన్నీ సాకెట్టు తొడుగులోనే కుక్కి ‘చూశావా ఎంత చిన్నది!’ అని మురిసిపోయేవాళ్ళం. ఇప్పుడా సాకెట్టే మాయమైంది. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే వేలి గోరంత చిప్పున్న యూఎస్‌బీ పలక ఒకటి చేతిలో పెడతాడు. దాని అంచున అయిదారు పిన్నులు. ఒకటి పంపేది, ఒకటి వినేది, ఒకటి గ్రౌండు. అది సరాసరి అయిదు వోల్టుల్లో మాట్లాడుతుంది. అక్కడికి సగం పని అయిపోయినట్టే.

మిగతా సగమే అసలు పని. పలకకి పంపేదొక కాలు, వినేదొక కాలు. ఐకామ్‌కి మాత్రం రెండింటికీ కలిపి ఒక్కటే తీగ. రెంటినీ ముడేసి కట్టేస్తే పోదా అనిపిస్తుంది. నేనూ అలాగే కట్టి చూశాను మొదట. రేడియో నోరు మెదపలేదు.

ఎందుకో వదినకి చెప్పబోయి ఆగాను. నా ముందే ఉంది జవాబు. వాళ్ళ సన్‌షేడు కొక్కెం నించి మా జామచెట్టు దాకా గోడ మీదుగా ఒకటే దండెం. వాళ్ళ పెరట్లో ఎండ పడదని పదేళ్ళ కిందట కట్టుకున్నాం.

“ఇదిగో వదినా, ఈ దండెమే ఐకామ్ తీగ అనుకో. ఊరికే ఉన్నప్పుడు పైకి బిగిసి ఉంటుంది. నువ్వు అటునించి కిందకి లాగావనుకో, నాకు తెలుస్తుంది. వదిలేస్తే మళ్ళీ పైకి పోతుంది. నేను లాగితే నీకు తెలుస్తుంది. లాగడం, వదలడం, అంతే భాష.”

“ఇద్దరం ఒకేసారి లాగితే?”

“మాట కలగాపులగం అవుతుంది గానీ దండెం తెగదు. అదే నేను ఇటు పంగలకర్ర పెట్టి ఎత్తి పట్టుకున్నాననుకో. అప్పుడు నువ్వెంత లాగినా కిందకి రాదు. నా చెయ్యి నొప్పి, నీ చెయ్యి నొప్పి.”

యూఎస్‌బీ పలక చేసే పని అదే. మాట్లాడనప్పుడు కూడా దాని పంపే కాలు అయిదు వోల్టుల దగ్గర కర్రపెట్టి నిలబడి ఉంటుంది. పాపం రేడియో కిందకి లాగాలని చూస్తుంది, కుదరదు. మందేంటంటే, కర్ర తీసేసి తాడు కట్టడం. తాడుతో లాగగలం గానీ తోయలేం కదా! ఎలక్ట్రానిక్సులో ఆ తాడు పేరు డయోడు. గీత ఉన్న వైపు పలక పంపే కాలికి, రెండో వైపు రేడియో తీగకి. వినే కాలు నేరుగా తీగకే. గ్రౌండు గ్రౌండుకి. అయిపోయింది సర్క్యూటు! ఒక డయోడు, మూడు టంకాలు.

ఇంత చిన్నదానిలోనూ ఒక మెలిక ఉంది. నా డబ్బాలో దొరికిన మామూలు సిలికాన్ డయోడు, 4148 పెట్టాను. కాసేపు పలికేది, కాసేపు అలిగేది. ఆ జాతి డయోడు తన మీదుగా పోయే వోల్టేజీలో పాయింట్ ఆరో ఏడో వోల్టు మింగుతుంది. అంటే నేను దండెం నేలకి లాగాననుకుంటున్నా, నిజానికి పాయింట్ ఏడు దగ్గర వేలాడుతోంది. ఇలాంటి చిప్పులు పాయింట్ ఎనిమిది లోపల ఉంటేనే ‘కిందకి వచ్చింది’ అని ఒప్పుకుంటాయి. అంచు మీద నడక. తీసి పారేసి షాట్కీ డయోడు వేశాను, అది పాయింట్ మూడు కన్నా పెద్దగా మింగదు. అలక తీరింది. పుస్తకంలో గీసిన బొమ్మలో రెండు డయోడ్లూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. చేత్తో చేసుకున్నవాళ్ళకే ఈ తేడా ఎక్కుతుందని నా మొండి నమ్మకం. మా ఆయన మాత్రం “రెడీమేడ్ తీగ కొనుంటే ఈ మొండి నమ్మకం ఖర్చు మిగిలేది” అంటారు.

ఇక చిన్నది చేయడం. మొదటి వంటకం సబ్బుపెట్టెలో పెట్టాను. బల్ల మీద సగం చోటు దానికే, తీగలు మూడు వైపులా చీమకాళ్ళలా. రెండోసారి పలక అంచు పిన్నులు పీకేసి తీగలు నేరుగా పలకకే టంకం పెట్టాను. డయోడు పలక వీపున పడుకోబెట్టాను. పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడిగి హెయిర్ డ్రైయరు కొడితే బెండకాయంత అయింది. వదినకి చూపిస్తే నిజంగానే తొడిమ వైపు నొక్కి చూసింది, లేతదా ముదురుదా అని.

“మరి పలికిందా?”

పలకలేదు! అదే కదా కథ. కంప్యూటరులో టెర్మినల్ తెరిచి, ‘ఏ ఫ్రీక్వెన్సీ మీదున్నావు?’ అని ఐకామ్ భాషలో అడిగాను. రెండు ఎఫ్‌ఈలు, అంటే ‘ఏమండోయ్’ అని రెండుసార్లు పిలవడం. తర్వాత రేడియో ఇంటినంబరు 5ఈ, ఆ తర్వాత నా ఇంటినంబరు ఈ0, తర్వాత ప్రశ్న 03, చివర ఎఫ్‌డీ, ‘ఇక అయిపోయింది’ అని. పంపగానే తెర మీద అదే వరస వచ్చింది. ఎగిరి గంతేశాను. తర్వాత గుర్తొచ్చింది, తీగ ఒకటే కాబట్టి మనం అన్న మాట మనకే వినపడుతుంది. అది జవాబు కాదు, నా గొంతే. బావిలో అరిచి అవతల మనిషి ఉన్నాడనుకున్నట్టుంది నా వాలకం. ఒకందుకు మంచిదే. నా మాట నాకు వచ్చిందంటే పలక, డయోడు, టంకాలు బావున్నట్టు. తప్పు అవతల ఉన్నట్టు.

రెండు రాత్రులు. ప్లగ్గు మార్చాను. స్టీరియో ప్లగ్గు పొరపాటున పెట్టానేమోనని మల్టీమీటరు బీపులు విన్నాను. వేగం 9600 పెట్టాను, 4800 పెట్టాను, 1200 పెట్టాను. మూడో రోజు రేడియో సెట్టింగుల్లోకి పోయి చూద్దును కదా, ఇంటినంబరే వేరు! నాకన్నా ముందు వాడుకున్నాయన దగ్గర ఇంకో ఐకామ్ ఉండేదేమో, దీని నంబరు 58కి మార్చేశాడు. నేను 5ఈ ఇంటి తలుపు కొడుతున్నా, ఆ ఇల్లే లేదు. ఎవరైనా ఎలా పలుకుతారు? మార్చగానే టక్కున వచ్చింది: 00 00 05 07 00. ఏడు మెగాహెర్ట్జ్ యాభై కిలోహెర్ట్జ్. తిరగేసి చెబుతుంది, చిల్లర ముందు, నోట్లు తర్వాత. కూరలబండి వాడు లెక్క చెప్పినట్టు.

ఫ్రీక్వెన్సీ తెలియడానికి ఈ తీగ సరిపోతుంది. స్వరాలు అటూ ఇటూ పోవడానికి ఇంకో తీగ కావాలి, కంప్యూటరు సౌండుకీ రేడియోకీ మధ్య. అది నేరుగా కలిపితే యాభై హెర్ట్జ్ గురగుర వస్తుంది, కంప్యూటరు ఎర్తు, రేడియో ఎర్తు ఒకదాని మీదుగా ఒకటి తిరుగుతాయి కాబట్టి. దానికి మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. గోడ దూకకుండా కూరగిన్నె అందించుకున్నట్టే. కూర వెళ్తుంది, మనుషులు ఎవరింట్లో వాళ్ళే. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత డయలప్ మోడెం కార్డులు కుప్పపోసి ఉంటే రెండు తెచ్చాను. ఒక్కోదాని మీద ఆరొందల ఓముల ట్రాన్స్‌ఫార్మరు ఒకటి, సన్నటి రాగిచుట్టతో, అచ్చం దీనికోసమే చేసినట్టు. మోడెములు పోయినా అవి బతికే ఉన్నాయి.

ఇంకొకటి మిగిలింది: రేడియోకి ‘ఇప్పుడు మాట్లాడు’ అని చెప్పడం. గొంతు వినగానే తనంతట తనే పంపే ఏర్పాటు రేడియోలో ఉంది గానీ నాకు నమ్మకం లేదు. కంప్యూటరు ‘టింగ్’ అన్నా ఆ టింగును జపాను దాకా పంపుతుంది. అందుకని ఆప్టోకప్లరు పెట్టాను. లోపల ఒక చిన్న దీపం, ఎదురుగా దీపం చూసి తలుపు తీసే ట్రాన్సిస్టరు. కంప్యూటరు పలకలోని ఆర్‌టీఎస్ అనే కాలు దీపం వెలిగిస్తుంది.

ఇక్కడే నా పరువు పోయింది. మొన్న మంగళవారం రాత్రి కంప్యూటరులో అన్నమయ్య కీర్తనలు పెట్టుకుని ఈ పని చేస్తున్నాను. కొత్త సౌండు తీగ గుచ్చగానే పాట ఆగిపోయింది. స్పీకరు పాడైందేమో అనుకుని, అది తర్వాత చూద్దామని రేడియో ప్రోగ్రాం తెరిచాను. ఒక నిమిషం తిరక్కుండానే గోడవతల నించి కేక.

“వదినా! మా సీరియల్లో అత్తగారు బాతులా అరుస్తోందే!”

జరిగిందేంటంటే, గుచ్చిన సౌండు తీగే ఇకనించి తన స్పీకరు అనుకుంది కంప్యూటరు. ప్రోగ్రాం తెరవగానే ఆర్‌టీఎస్ కాలు దానంతటదే కిందకి పడింది, దీపం వెలిగింది, రేడియో గేటు తెరిచింది. కీర్తనలు సరాసరి యాంటెన్నాలోకి, అక్కడినించి వదిన సౌండ్‌బార్‌లోకి. హామ్‌లు సంగీతం ప్రసారం చేయకూడదు, అది నియమం. నేను చేశాను, అర నిమిషం, అదీ నాకు తెలియకుండా. వెంకన్నే క్షమించాలి. ఇప్పుడు ప్రోగ్రాములో ఆ కాలిని బలవంతంగా ఆపి ఉంచే సెట్టింగు పెట్టాను. ముందు కంప్యూటరు, చివర్న రేడియో, ఆ వరసలోనే స్విచ్చులు వేస్తున్నాను. పవరు కూడా ముప్పై వాట్లకి దించాను. ఎఫ్‌టీ8 ఆగకుండా కూస్తుంది, నూరు వాట్లతో ఆ ముసలి రేడియోని వేపడం ఎందుకు?

“మరి ఇదంతా ఎందుకే, అత్యవసరానికి పనికొస్తుందని అప్పుడెప్పుడో చెప్పావు?” అంది వదిన. చెప్పాను. 2004 డిసెంబరులో హైదరాబాదు అమెచ్యూర్ రేడియో సంస్థ వాళ్ళ బృందం అండమాన్‌లో ఉంది, సరదాగా దూరాల వాళ్ళని పలకరించడానికే వెళ్ళారు. భారతీ ప్రసాద్ అని ఒకావిడ నడిపించింది. సునామీ వచ్చాక ఫోన్లు పోయిన చోట ఆ సరదా రేడియోలే కబురు మోశాయి. అందులో ఆడమనిషి ఉందని చదివాకే నేను పరీక్షకి దరఖాస్తు పెట్టాను. అయితే నిజం చెబుతున్నా వదినా, ఈ బెండకాయ తీగ ఏ తుఫానులో ఎవరిని కాపాడుతుందో నాకు తెలియదు. నాకు సరదా, అందుకే చేశాను.

నిన్న రాత్రి 7.074 మీద కూచున్నాను. జలపాతంలా తెర మీద గీతలు జారుతుంటాయి, ఒక్కో సన్నగీత ఒక్కో మనిషి. ఇండోనేషియా, జపాను, ఏదో యూరపు ఊరు. నేను ఎంకే97 అని నా గడి నంబరు పంపాను. భూగోళాన్ని గళ్ళు గీస్తే హైదరాబాదు ఆ గడిలో పడుతుంది. జపాను ఆయన జవాబిచ్చాడు. మా మధ్య జరిగింది అంతే: నంబర్లు, వినపడ్డ బలం, సెలవు. నాలుగు మాటలు. కంప్యూటరు వాటిని తనే లాగ్‌లో రాసుకుంది, ఫ్రీక్వెన్సీతో సహా. ఆ ఫ్రీక్వెన్సీ అంకె బెండకాయ తీగలోంచే వచ్చింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను.

ఆ తెర మీదే ఇంకోటి కనబడింది. ఎప్పటినించో సాయంత్రం ఆరింటికి నా రేడియోలో గరగర మొదలవుతుంది, తొమ్మిదిన్నరకి ఆగిపోతుంది. ఎక్కడినించో తెలియదనుకునేదాన్ని. అబద్ధం, అనుమానం ఉంది. చెప్పడానికి మొహమాటం. వదిన దసరాకి దేవుడి గదిలో కట్టిన చైనా దీపాల తోరణం ఇంకా తీయలేదు. జలపాతం మీద ఆ గరగర అడ్డంగా మసిపూసినట్టు కనిపించేసరికి ఇక దాచేది లేదనిపించింది. ఇవాళ సాయంత్రం దీపాలు వెలిగాక గోడ దగ్గరికి వెళ్ళాను.

“వదినా, ఒక్క మాట. కోపం తెచ్చుకోకూ...”

విని ఆవిడ వడియాల పళ్ళెం గోడ మీద పెట్టి లోపలికి పోయింది. కోపమొచ్చిందేమోనని నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. కిటికీలోంచి కేక వినపడింది.

“నువ్వెళ్ళి నీ తెర ముందు కూచో! నేను ఆర్పుతున్నా, చూసి చెప్పు!”

పరిగెత్తాను.

“ఉందా?”

“పోయింది!”

“ఇప్పుడూ?”

“వచ్చింది!”

“మళ్ళీ?”

“పోయింది వదినా, పోయింది!”

పాత మానిటరు తీగ నించి పీకిన నల్ల ఫెర్రైటు గుండ్లు రెండున్నాయి నా డబ్బాలో. దీపాల తోరణం తీగని వాటిలోంచి నాలుగు చుట్లు తిప్పితే మసి సగానికి తగ్గింది. మిగతా సగానికి ఇంకో గుండు వేద్దామంటే వదిన ఒప్పుకోలేదు. దేవుడి పక్కన నల్లగా వేలాడుతూ అవి తేళ్ళలా ఉన్నాయట. గుండు మీద ఎర్ర చీరముక్క చుట్టి ఇస్తానన్నాను. “పట్టుదైతే చూద్దాం” అంది.